తడి బండల మధ్య ఉయ్యాల

ముప్పై మూడేళ్లకే రిటైరయ్యానంటే మా ఇంట్లో నవ్వుతారు. వదిలేసిన ఉద్యోగానికి మళ్లీ పోయేది లేదు కాబట్టి ఆ మాటే వాడుతున్నాను. పెళ్లికి ముందు, పెళ్లయ్యాక కలిపి ఏడేళ్లకు పైగా ఒక బండల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా పనిచేశాను. కోయిలకుంట్ల దాటి గనుల వైపు పోతుంటే ఒక చోటి నుంచి తుమ్మచెట్ల మీద తెల్లటి దుమ్ము కనిపిస్తుంది. నా ఉద్యోగం అక్కడ మొదలయ్యేది.

ఇప్పుడు మైదుకూరులో ఉంటున్నాను. డిప్లొమా చేసి ఇదే పనిలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, జీతం ఎంతిస్తారు అంటారు. అసలు ఆ పని ఎట్లుంటుందో ఒక్కరూ అడగరు. అడక్కపోయినా చెప్పాలనిపించి, పాప నిద్రపోయాక కొంచెం కొంచెంగా ఇది రాస్తున్నాను. ఇందులో ధైర్యం చెప్పే మాటలు తక్కువ. ఈ ఉద్యోగంలో భయపడటమే సగం పని. మిగతా సగం, ఆ భయాన్ని జీతమిచ్చేవాళ్లకు అంటించడం.

కొనేవాళ్ల కోసం పెట్టుకున్న మనిషి

మా యజమాని సేద్యం కుటుంబం నుంచి వచ్చినవాడు. వాళ్ల నాయన కాలంలో శనగ, పత్తి పండించిన భూమిలోనే నాపరాయి బయటపడితే గని పెట్టి, తర్వాత పాలిష్ ఫ్యాక్టరీ పెట్టాడు. బండలు కొనే విదేశీ కంపెనీవాళ్లు సేఫ్టీ చూసే మనిషి ఎవరని అడగడంతో నన్ను తీసుకున్నాడు. చేరిన రోజు ఆయన చెప్పింది ఒకటే: "పాపా, నువ్వుండావని చెప్పుకుంటే సాలు మాకు. ఎండలో తిరగాకు."

చెడ్డవాడు కాదు. ఎవరికైనా దెబ్బ తగిలితే తన కారులో తనే కర్నూలు ఆస్పత్రికి తీసుకుపోయేవాడు. సీటుకు రక్తం అంటినా పట్టించుకునేవాడు కాదు. ఊళ్లల్లో ఆయనకు మంచి పేరు. అయితే ఇట్లాంటి యజమాని దగ్గర మన పని మరీ కష్టం. దెబ్బ తగిలినాక పరిగెత్తే మనిషిని, తగలకముందు కదిలించాలంటే ప్రాణం పోతుంది. పిల్లలూ, మీకు రాబోయే యజమానుల్లో ఎక్కువమంది ఇట్లాంటివాళ్లే. దుర్మార్గులు తక్కువే ఉంటారు.

రోజూ కళ్ల ముందు ఉండేవి

ప్రమాదం ఎక్కడో దాక్కుని ఉంటుందని క్లాసులో చెబుతారు. మా ఫ్యాక్టరీలో అది దాక్కోలేదు. ప్లగ్గు లేని వైర్లను అగ్గిపుల్లలతో సాకెట్టులో గుచ్చేవాళ్లు. నీళ్లు నిలిచిన నేల మీద టేపు చుట్టిన వైరుతో గ్రైండరు పట్టుకునేవాళ్లు. కళ్లద్దాలు ఇస్తే నుదుటి మీద పెట్టుకునేవాళ్లు. కటింగ్ మిషన్ మీద నీళ్లు పడుతుంటే దుమ్ము లేవదు. ఏప్రిల్‌లో బోరు ఎండిపోతే నీళ్లు ఆపేసి పొడిగానే కోసేవాళ్లు. అప్పుడు ఎదురుగా నిల్చున్న మనిషి మొహం కూడా కనిపించేది కాదు. సాయంత్రానికి అందరి కనుబొమలూ తెల్లబడేవి. ముసలోళ్లయిపోయినామని ఒకరినొకరు ఎగతాళి చేసుకునేవాళ్లు. నాకు నవ్వు వచ్చేది కాదు. వాళ్ల దగ్గు నాకు రాత్రి ఇంట్లో కూడా వినిపించేది.

కొత్తలో వీళ్లకు చెబితే అర్థం కాదనుకున్నాను. అర్థం కాకపోవడమేమీ లేదు. ఎన్ని అడుగుల బండ కోస్తే అంత కూలి. అద్దాలకు చెమట పట్టి కోయాల్సిన గీత కనిపించకపోతే పని నిదానమవుతుంది, కూలి తగ్గుతుంది. నియమం పాటించినవాడికి నష్టం, పాటించనివాడికి లాభం వచ్చేట్టు పద్ధతి పెట్టింది యజమాని. కళ్లద్దాలు పెట్టుకోవాలని గోడ మీద బోర్డు రాయించింది కూడా ఆయనే. మీరు చేరిన చోట మొదట బోర్డులు చూడొద్దు. కూలి ఎట్లా లెక్కగడతారో కనుక్కోండి.

దసరా దండ

నా మొదటి దసరా సంగతి. ఆయుధపూజకు మిషన్లన్నీ కడిగారు. బెల్టు తిరిగే చక్రాలకు ఇనుప జాలీ గార్డులుంటాయి. వాటిని విప్పి పక్కన పెట్టి, చక్రానికి పసుపు కుంకుమ పెట్టి బంతిపూల దండ వేశారు. పూజ దండను మనుషులు తీయకూడదు, అదంతట అదే ఎండి రాలిపోవాలని అక్కడ ఆచారం. దండ ఉన్నంతవరకు గార్డు బిగించడానికి కుదరదు. పండగ మర్నాడు గార్డు లేకుండానే మిషన్లు తిరిగాయి.

రాముడు అని ఒక కుర్రాడు. బెల్టుకు, చక్రానికి మధ్య దండ చిక్కుకుని నలుగుతుంటే చూసి, అమ్మవారి పూలు మిషన్ కింద పడి తొక్కుడు పడతాయేమోనని చెయ్యి పెట్టి జాగ్రత్తగా తీయబోయాడు. రెండు వేళ్లు పోయాయి. భక్తితో పెట్టిన చెయ్యి అది. నిర్లక్ష్యం అని రిపోర్టులో రాయమంటే నేను రాయలేదు.

మరుసటి ఏడాది పూజలు ఆపమని చెప్పాలని కొందరు సలహా ఇచ్చారు. చెప్పుంటే ఒక్కరూ వినేవాళ్లు కాదు. పాలిష్ సెక్షన్ మేస్త్రీ మద్దిలేటి దగ్గర కూర్చుని, గార్డు విప్పకుండా పూజ చేయడానికి కుదురుతుందా అని అడిగాను. ఆయన బీడీ కాల్చుకుంటూ ఆలోచించి, "జాలీ మింద దండేస్తే అమ్మవారికి కనపడదా ఏంది మేడమ్? ఆమె చూపు మన మాదిరి కాదు గదా" అన్నాడు. ఆ ఏడాది నుంచి కుంకుమ గార్డుకు, దండ గార్డుకు. ఆ మాట నేను చెప్పుంటే చెల్లేది కాదు. వాళ్లలో ఒకరు చెప్పారు కాబట్టి చెల్లింది.

చల్లటి సందు

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది.

పాలిష్ చేసిన బండలను ఇనుప స్టాండ్లకు ఆనించి నిలబెడతారు. గుడారం మాదిరి రెండువైపులా వాలుగా ఉండే స్టాండు అది. ఈ పక్క కొన్ని బండలు, ఆ పక్క కొన్ని. రెండువైపులా బరువు సమంగా ఉన్నంతవరకు ఏనుగు తోసినా కదలదు. ఒకవైపు బండలు మాత్రమే తీసేస్తూ పోతే రెండోవైపుకు పడిపోతుంది. మనిషి మీద పడితే ఇంక లేపేది ఏమీ ఉండదు.

మే నెలలో ఆ యార్డులో నిలబడటం మీకు ఊహకు రాదు. రేకుల షెడ్డు కింద పొయ్యిలో ఉన్నట్టే. అయితే కడిగి నిలబెట్టిన బండల నుంచి నీళ్లు కారుతుంటాయి కాబట్టి రెండు స్టాండ్ల మధ్య సందు మాత్రం బావి లోపలి మాదిరి చల్లగా ఉంటుంది. ఫ్యాక్టరీ మొత్తంలో అంత చల్లటి చోటు ఇంకొకటి లేదు. బండలు తుడిచే ఆడవాళ్లు పాత చీరతో ఉయ్యాల కట్టింది అక్కడే.

నేను మొదట చూసిన ఉయ్యాల లక్ష్మీదేవిది. పక్క పల్లె నుంచి కాంట్రాక్టరు కింద వచ్చేది. మొగుడు బెంగళూరులో కూలిపనికి పోయి నెలకొకసారి వస్తాడు. అత్త పొలం పనికి పోతుంది. పిల్లవాడు ఓబులేసు, అప్పుడప్పుడే బోర్లాపడుతున్నాడు. చీర ఒక కొస ఈ స్టాండుకు, ఇంకో కొస ఆ స్టాండుకు. వాడు మధ్యలో నోట్లో వేలు పెట్టుకుని నిద్రపోతున్నాడు. రెండు పక్కలా వాడి తల కంటే ఎత్తుగా బండలు.

నేను అప్పుడు కడుపుతో ఉన్నాను. ఇక్కడెందుకు కట్టావు, మీద పడితే ఏం చేస్తావని అడిగాను.

"యాడ కట్టమంటారు మేడమ్?" అంది. "రేకుల కింద పిల్లోడు ఉడికిపోతాడు. చెట్టు కింద కడితే లారీలు ఎనక్కి వస్తాంటాయి. మీరు జాగా చూపించండి, ఇప్పుడే మారుస్తా."

పక్కన బండ తుడుస్తున్న ఆమె తల ఎత్తకుండానే, "మేడమ్ రూములో ఫ్యాను ఉండాది, ఆడ కట్టు మే" అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నిజానికి చూపించడానికి నా దగ్గర చోటు లేదు. నా రూములో ఒక టేబులు, ఒక కుర్చీ పడితే తలుపు తెరుచుకోవడమే కష్టం.

యజమానిని తీసుకువచ్చి చూపించాను. ఆయనకూ భయమేసింది. వెంటనే గేటు దగ్గర వాచ్‌మన్‌కు చెప్పాడు, చంటిపిల్లలను లోపలికి రానివ్వొద్దని. సమస్య తీరిందనుకున్నాడు. తర్వాత సందుల్లో ఉయ్యాలలు కనిపించలేదు. పిల్లలను ఎక్కడ వదిలి వస్తున్నారని ఆడవాళ్లను అడిగితే ఇంటి దగ్గరే అన్నారు. ఒక్కొక్కరూ నా కళ్లలోకి చూసి చెప్పారు. నిజం చెబితే పని పోతుంది మరి.

వద్దని ఆజ్ఞ ఇచ్చి, బదులు చోటు ఇవ్వకపోతే ప్రమాదం పోదు. మనకు కనపడని చోటికి జరుగుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుని మిగతాది మరిచిపోయినా ఫరవాలేదు.

స్టాండు వాలిన మధ్యాహ్నం

ఆ తర్వాత కొన్ని రోజులకే ఒక మధ్యాహ్నం చెన్నై పోయే లారీకి లోడింగు జరుగుతోంది. కాంపౌండు గోడను ఆనుకుని ఉన్న చివరి వరస స్టాండ్లు. గోడవైపు బండలు తీయాలంటే సందులోకి దూరాలి, సమయం పడుతుంది. అందుకని హమాలీలు ముందువైపు బండలే వరసగా తీసి లారీకెక్కిస్తున్నారు. రెండువైపులా మార్చి మార్చి తీయమని ఎన్నిసార్లు చెప్పానో. లారీకింత అని కూలి. ఎవరు వింటారు.

హమాలీల పెద్ద హుసేనప్ప. నలభై ఏళ్లుగా బండలు మోస్తున్న మనిషి. నేను అటువైపు నడుస్తున్నాను. ఆయన బండ మీద చెయ్యి వేసి, లేపకుండా ఆగిపోయాడు. స్టాండు చిన్నగా కిర్రుమంది. ముందు కాళ్లు నేల నుంచి వేలెడంత లేచాయి. గోడవైపుకు వాలుతోంది.

"పట్టుకోండప్పా, ముందుకు పట్టి లాగండి" అన్నాడు హుసేనప్ప. అరవలేదు. నలుగురు హమాలీలు ముందు కమ్మీలు పట్టుకుని వేలాడారు. అది ఆగింది. వెనక్కి పడలేదు, కిందికి దిగనూ లేదు. అప్పుడు గోడ వైపు సందులో నుంచి పసిపిల్లవాడి నవ్వు వినిపించింది.

స్టాండు వెనుక కమ్మీకి, గోడ మేకుకు కట్టిన ఉయ్యాల. స్టాండు కదలడంతో ఉయ్యాల ఊగి వాడికి సంబరమైంది.

లక్ష్మీదేవి పాలిష్ దగ్గర నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. సందులోకి దూరబోతుంటే రెండు చేతులతో పట్టుకున్నాను. వాలిన బరువు కిందికి ఎవరూ పోకూడదు, ముందు బరువు సరిచేయాలి. నేను చదువుకున్నది అదే. ఎందరికో నేర్పించింది కూడా అదే. తీసిన బండలు మళ్లీ ముందువైపు పెట్టండని లారీ దగ్గరున్న మిగతా హమాలీలకు అరిచి చెప్పాను. ఒక్కో బండ తెచ్చి ఆనిస్తున్నారు. లక్ష్మీదేవి నా చేతులు గీరింది, కొరికింది. "వదులు మేడమ్, వదులు" అంటూ గుంజుకుంది. నేను వదల్లేదు. లోపల వాడు నవ్వడం ఆపేశాడు. ఎందుకు ఆపాడో మాకు తెలియదు.

ముందు కాళ్లు నేలకు దిగిన తర్వాత వదిలాను. ఆమె లోపలికి పోయి వాడిని ఎత్తుకుని వచ్చింది. బండ నీళ్లకు జుట్టు తడిసి ఉంది. చీర కొస చప్పరిస్తున్నాడు.

ఆమె వాడిని రొమ్ముకు అదుముకుని నా కడుపు వైపు చూసింది. "నీ కడుపులో బిడ్డ ఆడ ఉంటే, నన్ను పట్టుకున్నట్టు నిన్ను ఎవురన్నా పట్టుకుంటే ఊరకుంటావా?" అంది.

నేను చేసింది సరైన పనే. ఎవరైనా అదే చేయాలి. మీరూ చేయాలి. అయినా ఇప్పుడు మా పాప పక్కన పడుకుని ఉంటే, నన్ను ఎంతమంది పట్టుకున్నా ఆగేదాన్ని కాదని తెలుస్తోంది.

ఏం కాలేదు కదా

యజమాని వచ్చాడు. విన్నాడు. "ఏం కాలేదు గదమ్మా, దేవుడుండాడు" అని టెంకాయ కొట్టించాడు. సాయంత్రానికి లారీ పోయింది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి మిగతావాళ్లకు అది ఏమీ జరగని రోజు. ఫ్యాక్టరీల్లో మనుషులు చచ్చేది ఏమీ జరగని రోజులను లెక్కలోకి తీసుకోకనే. ఆ స్టాండు కిర్రుమన్న రోజునే చావు వచ్చినంత గట్టిగా చూడాలి.

మర్నాడు ఆయన దగ్గరికి పోయి రెండు అడిగాను. ఒకటి, స్టాండ్ల సంగతి. హమాలీలకు లారీ కూలి పెంచి, రెండువైపులా మార్చి తీసేట్టు చేయడం. ప్రతి స్టాండు కాళ్లనూ నేలకు బిగించి, బండలకు గొలుసు వేయడం. ఆయన ఒప్పుకున్నాడు. రెండోది, షోరూము. కొనేవాళ్లకు నమూనా బండలు చూపించే గది. అందులో ఏసీ ఉంది, ఎప్పుడో తప్ప ఎవరూ రారు. పిల్లలకు అది ఇవ్వమన్నాను.

"కొనేటోళ్లు వస్తే ఉయ్యాలలు చూపించల్లా?"

"నన్ను పెట్టమన్నది వాళ్లే గదా సార్. ఈ పిల్లోళ్లను కూడా చూడనీయండి."

సరేపో అన్నాడు. బండలు తుడవలేని వయసొచ్చిన ఒకామెను పిల్లలను చూసుకోవడానికి పెట్టాము. ఆ ఎండాకాలం ఉయ్యాలలు షోరూములో ఊగాయి. ఆడవాళ్లు మాటిమాటికీ సందు వైపు చూడటం మానేసినాక పని కూడా బాగా సాగిందని మేస్త్రీ మద్దిలేటే యజమానికి చెప్పాడు.

మా పాప పుట్టాక

కాన్పుకు మైదుకూరు వచ్చాను. పాప పుట్టి కొన్ని నెలలైనాక మళ్లీ చేరుదామని యజమానికి ఫోన్ చేసి, పాపను షోరూములో పెట్టుకోవచ్చా అని అడిగాను.

"ఆ గది ఇప్పుడు లేదమ్మా" అన్నాడు. "వానలొచ్చి సల్లబడింది గదా. రంగులేసి తాళమేసినాం. మళ్లా ఎండాకాలం చూద్దాం."

లక్ష్మీదేవికి ఫోన్ చేశాను. ఓబులేసు ఇప్పుడు ఎక్కడుంటున్నాడని అడిగితే, "నడుస్తాండాడు మేడమ్" అంది. ఉయ్యాలలో పడుకునే పిల్లవాడైతే ఎక్కడున్నాడో తెలుస్తుంది. నడిచే పిల్లవాడు బెల్టుల మధ్య, స్టాండ్ల మధ్య ఎక్కడైనా ఉంటాడు.

నేను ఉద్యోగం మానేశాను. ఆ యార్డులోకి మా పాపను తీసుకుపోలేను. నేను తీసుకుపోలేని చోటికి వాళ్లు రోజూ తీసుకుపోతున్నారు. మానేశానని చెబితే లక్ష్మీదేవి, "మంచి పని చేసినారు మేడమ్, మీకు జరుగుతాది గదా" అంది. ఎత్తిపొడుపు కాదు. అందుకే తట్టుకోలేకపోయాను.

కాగితాల మీద సంతకం పెట్టడానికి ఒకసారి ఫ్యాక్టరీకి పోవాల్సి వచ్చింది. పాపను ఎత్తుకునే పోయాను. యజమాని గదిలో కూర్చున్నాక అది నిద్రపోయింది. యార్డులో కటింగ్ మిషన్ మోతకు నిద్రలోనే ఉలిక్కిపడుతోంది. దీన్ని ఎక్కడ పడుకోబెట్టమంటారు సార్ అని అడిగాను. ఆయన వెంటనే లేచి, మేనేజరు దగ్గర నుంచి తాళంచెవి తెప్పించి, షోరూము తనే తీసి, తన కండువా మడిచి బల్ల మీద పరిచాడు. పాపను పడుకోబెట్టాను.

"తాళంచెవి లక్ష్మీదేవికి ఇవ్వండి సార్" అన్నాను.

"మేనేజరు కాడ ఉంటే ఏం పోయె?"

"మేనేజరు నంద్యాలకు పోయిన రోజు ఈ పిల్లోళ్లు యాడ పండుకోవల్ల?"

ఆయన పాప వైపు చూశాడు. బయట ఎక్కడో బండ దించిన చప్పుడు. పాప రెండు చేతులూ గాల్లోకి లేపి మళ్లీ దించింది. ఆయన బయటికి పోయి లక్ష్మీదేవిని పిలిపించాడు. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుని తాళంచెవి తీసుకుంది. ఓబులేసు ఆమె కుచ్చిళ్లు పట్టుకుని ఉన్నాడు. వాడి కనుబొమలు తెల్లగా ఉన్నాయి.

యజమానులెవరైనా ఇది చదివితే, రక్షణ కోసం మీరు పెట్టిన ఏ వస్తువైనా, ఏ గదైనా, అది కావలసినవాళ్ల చేతుల్లో ఉందో లేదో చూసుకోండి. మీ దయ మీద నడిచేది మీరు మరిచిపోయిన రోజు ఆగిపోతుంది.

నాకు భయం తగ్గలేదు. లోడింగు జరిగే మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ తెలుసు. ఆ వేళకు లక్ష్మీదేవికి ఫోన్ చేస్తుంటాను. మొన్న ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. పాపకు అన్నం పెడుతూ చేశాను, స్నానం చేయిస్తూ చేశాను. పొద్దుగూకేటప్పుడు తనే చేసింది. మిషన్ మోతలో ఇనపడలేదంట. గది తెరిచే ఉందా అని అడిగాను. మేనేజరు వచ్చి కొనేటోళ్లు వస్తాండారు, గది ఖాళీ చెయ్యి, తాళంచెవి ఇవ్వు అన్నాడట.

"ఏం చేసినావు?" అన్నాను.

"నా కొంగులోనే ఉండాది మేడమ్" అంది. "పిల్లోడు లోపల పండుకున్యాడు. లేసినాక ఇస్తానని చెప్పినా."